పైన విషయం, కింద ఖాళీ

బాహ్య సౌమనస్య మంత్రిత్వ శాఖలో మూడో అంతస్తున, అభినందనల విభాగానికీ సంతాపాల విభాగానికీ మధ్య ఉన్న ఇరుకు గదిలో ఆందోళన విభాగం ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా ప్రభుత్వం తరఫున ఆందోళన చెందే బాధ్యత ఆ విభాగానిది. సూపరింటెండెంటు కొత్తమాసు సింహాద్రి పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని సెలవు రోజులు మినహా క్రమం తప్పకుండా ఆందోళన చెందుతున్నాడు. ఇంకో పదహారు నెలలు చెందితే రిటైరై విజయనగరం వెళ్ళిపోవచ్చు.

ఆందోళన అంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు చెందేది కాదు. దానికి ఏడు మెట్లున్నాయి. మొదటి మెట్టు "మా దృష్టికి వచ్చింది". రెండోది "గమనిస్తున్నాం". మూడోది "జాగ్రత్తగా గమనిస్తున్నాం". నాలుగో మెట్టు ఎక్కితే గాని ఆందోళన అన్న మాటే రాదు. అయిదులో అది తీవ్రమవుతుంది, ఆరులో ప్రగాఢమవుతుంది. ఏడో మెట్టు ఖండన. ఖండనకు వేరే రబ్బరు స్టాంపు ఉంది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. సింహాద్రి హయాంలో ఒక్కసారే బయటికి తీశారు, ఎక్కడో సముద్రం మధ్య ఉన్న చిన్న దీవి మీద. ఆ దీవికి రాజధానిలో రాయబార కార్యాలయం లేదు, మన సరుకు కొనే స్తోమతా లేదు. అందుకని కడుపునిండా ఖండించారు. ఆ దీవి చేసిన నేరమేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

ఉత్తరాన ఉన్న పెద్ద దేశం దగ్గరికి వచ్చేసరికి శాఖ మూడో మెట్టు దాటదు. అసలు ఆ దేశం పేరే కాగితం మీద పెట్టరు, "సంబంధిత పక్షం" అంటారు. టిబెట్ అని రాయాల్సి వస్తే "ఎత్తైన ప్రాంతం" అని రాస్తారు. అక్కడ మఠం మూతపడినా, బడి మూతపడినా, మనుషుల్ని ఇళ్ళలోంచి పట్టుకుపోయినా, ఎత్తైన ప్రాంతంలో కొన్ని పరిణామాలను జాగ్రత్తగా గమనిస్తున్నామని ఏటా డిసెంబరు పదో తారీఖున, మానవ హక్కుల దినం నాడు, ఒక ప్రకటన వెలువడుతుంది. పత్రికలవాళ్ళు దాన్ని అందుకుని, కింద ఇచ్చే సమోసాలు తిని వెళ్ళిపోతారు.

సెప్టెంబరులో ఒక రోజు గేటు దగ్గర్నుంచి ఫోను వచ్చింది, మీ ఊరావిడట, ఎవరో వచ్చారని. సింహాద్రి దిగి వెళ్ళి చూస్తే స్వెట్టరమ్మ.

యాంగ్జోమ్ అంటే విజయనగరంలో ఎవరికీ తెలియదు. స్వెట్టరమ్మ అంటే అందరికీ తెలుసు. ఇరవై ఏడేళ్ళుగా చలికాలం రాగానే టిబెట్ వాళ్ళ గుంపుతో వచ్చి గంటస్తంభం దరిదాపుల్లో టార్పాలిన్ కింద స్వెట్టర్లూ మంకీ టోపీలూ అమ్ముతుంది. విజయనగరంలో పడే చలికి స్వెట్టరు దండగని సింహాద్రి అభిప్రాయం. అయినా ఆవిడ మాటకారితనానికి పడిపోయి ఇంట్లో ఒక్కో తలకి రెండేసి టోపీలు కొన్నాడు. ఆవిడ తెలుగంతా అలా బేరాల్లో నేర్చుకున్నదే.

"ఏటమ్మా, ఇలాగొచ్చీసావు?" అన్నాడు సింహాద్రి.

"సరుక్కి లూధియానా ఎల్తన్నాను అన్నియ్యా. దార్లో నీ ఆఫీసుందని దిగీసినాను," అని ఆవిడ మెట్టు మీద కూలబడింది. మామూలుగా మాట మీద మాట దొర్లిపోయే మనిషి, ఈసారి చేతిసంచీ చెవులు నలుపుతూ ఒక్కో మాటా కూడదీసుకుంది. "మా తమ్ముడున్నాడు గదా, ఊర్లో ఉండిపోనాడు, పంతులు. జమ్‌యాంగ్ అని. ఆణ్ణి తోలుకెళ్ళిపోయి మూడేళ్ళయిపోనాది."

"ఏం చేశాడని?"

"పిల్లలకి మా అచ్చరాలు నేర్పినాడు. బళ్ళో కాదు, సెలవల్లో, ఇంటికాడ. అంతే. నాలుగో నంబరు జైల్లో ఎట్టారని ఎవుడో సెప్పినాడు. ఉన్నాడో పోనాడో తెల్దు." ఆవిడ తలెత్తి సూటిగా చూసింది. "మీ ఆఫీసు కాయితం ఒకటి వొస్తాదంట గదా డిసెంబర్లో. అందల ఆడి పేరు రాయించన్నియ్యా. పేరు పైకొచ్చినోణ్ణి కొట్టడం తగ్గిస్తారంట. అడిగినోడు ఉన్నాడని భయం ఉంటాది గదా. నాను మరేటీ అడగను."

వయసెంత అంటే నలభై ఆరంది. గుర్తులేమైనా ఉన్నాయా అంటే, చిన్నప్పుడు గుర్రం మీంచి పడి ఎడమ కాలు కుంటు అయిందనీ, బడికి తానే వీపున మోసుకెళ్ళేదాన్ననీ చెప్పింది.

పద్నాలుగేళ్ళలో ఆ ప్రకటనలో ఒక్క మనిషి పేరు కూడా పోలేదని సింహాద్రికి తెలుసు. ఆ మాటే చెప్పి పంపించాలి. దానికి బదులు "చూస్తానమ్మా," అన్నాడు. శాఖ లెక్కలో అది రెండో మెట్టు కిందికి వస్తుంది. ఆ సంగతి తెలియక ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. సింహాద్రి చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

పైకి వెళ్ళి కొత్త ఫైలు తెరిచాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గజపతినగరం తాలూకాఫీసులో హెడ్ గుమాస్తా అప్పలనరసయ్య అతనికి పని నేర్పాడు. దొరలు ఫైలు విప్పరని అప్పలనరసయ్య సిద్ధాంతం. అందుకని పొలం తగాదా అయితే పొలం ఎవరిదో, ఎవరు ఆక్రమించారో, ఎవరి తల పగిలిందో సమస్తం అట్ట మీద "విషయం" దగ్గరే రాసేసేవాడు. ఆ అలవాటు సింహాద్రికి ఇప్పటికీ పోలేదు. అట్ట మీద ఇలా రాశాడు:

"విషయం: టిబెట్‌లో పిల్లలకు సొంత అక్షరాలు నేర్పినందుకు మూడేళ్ళ క్రితం పట్టుకుపోయి నాలుగో నంబరు జైల్లో ఉంచిన బడిపంతులు జమ్‌యాంగ్, వయసు 46, ఎడమ కాలు కుంటు, బతికి ఉన్నాడా లేడా అక్కకు తెలపడం, ఉంటే విడిచిపెట్టడం – గురించి."

లోపల రెండు పేజీల ముసాయిదా రాసి, సంయుక్త కార్యదర్శి సుధాంశు ఖరే గారి ముందు పెట్టాడు. ఖరే గారు అట్ట తిప్పేసి లోపలి కాగితం చదివారు. ఆయన చదువుతుంటే కనుబొమలు ఒక్కో వాక్యానికి ఒక్కో అంగుళం పైకి పోయాయి.

"సింహాద్రి గారూ, ఇందులో ఒక మనిషి ఉన్నాడు," అన్నారు.

"ఉన్నాడండి."

"మన ప్రకటనల్లో పరిణామాలుంటాయి, పరిస్థితులుంటాయి, ప్రాంతాలుంటాయి. మనుషులుండరు. మనిషి వచ్చాడంటే సమతూకం పోతుంది. సమతూకం మన విదేశాంగానికి వెన్నెముక." ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. "అయినా నేను ప్రజాస్వామ్యవాదిని. కొట్టెయ్యడానికి నేనెవర్ని? అభిప్రాయ సేకరణకు పంపండి."

అభిప్రాయ సేకరణ అంటే ముసాయిదా పంతొమ్మిది శాఖలు తిరిగి రావాలి. దానికో నిబంధన ఉంది. ఏ శాఖైనా తనకు అభ్యంతరమైన మాట తీసెయ్యవచ్చు, ఎవరూ కొత్త మాట చేర్చకూడదు. పూర్వం చేర్చనిచ్చేవారు. ఒకసారి ఎవరో రాజుగారు పోతే పంపిన సంతాపంలో పర్యాటక శాఖ "మళ్ళీ మళ్ళీ రావాలని కోరుకుంటూ" అని చేర్చింది. అప్పట్నుంచి చేర్చడం బంద్. ఇంకో నిబంధన కూడా ఉంది, ఫైలు మీద విషయం ఒకసారి రాశాక మార్చకూడదు. మార్చాలంటే రికార్డుల సంఘం కూర్చోవాలి, అది మార్చి నెలలో తప్ప కూర్చోదు.

ముసాయిదా బయల్దేరింది.

వాణిజ్య శాఖ "జైలు" తీసేసింది. సంబంధిత పక్షం జైళ్ళకు తాళాలు మన దేశం నుంచే ఎగుమతి అవుతున్నాయనీ, ఈ దశలో జైళ్ళను చులకన చేయడం తాళాల పరిశ్రమకు గొడ్డలిపెట్టనీ మార్జినులో రాసింది. విద్యాశాఖ "అక్షరాలు" కొట్టేసింది, పిల్లలకు అక్షరాలు నేర్పకపోవడం అనే అంశం మీద మనం ఎవరినీ వేలెత్తి చూపకపోవడం మంచిదంటూ. "ఎత్తైన ప్రాంతం" అన్నచోట సర్వే శాఖ అడ్డం పడింది. ఎంత ఎత్తో తాము కొలవలేదు కాబట్టి తమకు తెలియని ఎత్తుకు తాము పూచీ పడలేమంది. సంక్షేమ శాఖకు "కుంటు" అన్న మాట అమర్యాదగా తోచింది. దాన్ని గౌరవంగా మార్చాలంటే మాట చేర్చాలి, చేర్చకూడదు, కాబట్టి కాలు మొత్తం తీసేసింది.

జమ్‌యాంగ్ పేరును హోం శాఖ తీసేసింది. ఆ పేరుగల వ్యక్తి తమ దగ్గర నమోదు కాలేదట. మన దేశంలో లేనివాడు మన దగ్గర ఎలా నమోదవుతాడని సింహాద్రి స్వయంగా వెళ్ళి అడిగాడు. అక్కడి అధికారి చాలా ఓపికగా, "అదే కదండీ మేమూ అంటున్నది," అన్నాడు.

నవంబరు ఆఖరుకు రెండు పేజీల్లో "జాగ్రత్తగా గమనిస్తున్నాం" అన్న రెండు మాటలు మిగిలాయి. వ్యవసాయ శాఖ "జాగ్రత్తగా" తీసేసింది. ఎందుకో రాయలేదు. బహుశా మిగతావాళ్ళంతా తీస్తుంటే తాము తీయకపోతే బాగుండదనుకుని ఉంటారు. చివరికి న్యాయశాఖకు చేరింది. గమనించడమంటే చూడటమే, చూశామని ఒప్పుకుంటే రేపు సాక్ష్యానికి పిలుస్తారు, అంచేత "గమనిస్తున్నాం" కూడదని ఆ శాఖ తేల్చింది. తేల్చి, "మిగిలిన పాఠానికి మాకు అభ్యంతరం లేదు" అని ముద్ర వేసింది.

మిగిలిన పాఠం తెల్లకాగితం.

డిసెంబరు మూడున ఉన్నత స్థాయి సమావేశం జరిగింది. తెల్లకాగితాన్ని విడుదల చేయాలా వద్దా అన్నది ప్రశ్న. ఏటా విడుదల చేసేది ఈ ఏడు మానేస్తే విధానం మారిందని అర్థం వస్తుంది, విధానం మార్చే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు. కాబట్టి విడుదల చెయ్యాల్సిందే. మరి ఇది ఎన్నో మెట్టు? ఒకాయన మొదటి మెట్టు కంటే కింద అన్నాడు. ఇంకొకాయన, మౌనం చాలా గంభీరమైనది కాబట్టి ఆరో మెట్టుకు తక్కువ కాదన్నాడు. ఖరే గారు కాగితాన్ని ఆప్యాయంగా నిమిరారు.

"నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత సమతూకమైన ప్రకటన చూడలేదు," అన్నారు. "ఇందులో ఒక్క తప్పు చూపించండి."

ఎవరూ చూపించలేకపోయారు.

మర్యాదకు ప్రకటన పాఠాన్ని ముందుగా సంబంధిత పక్షం రాయబారికి చూపించడం ఆనవాయితీ. పాఠం ఒక్కటే చూపిస్తారు, ఫైలు నంబరూ విషయమూ వగైరా మన ఇంటి సంగతులు. రాయబారి తెల్లకాగితాన్ని వెలుగులో పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, పక్కనున్న కార్యదర్శితో తమ భాషలో పావుగంట మాట్లాడాడు.

"ఇది తెల్లగా ఉంది," అన్నాడు చివరికి.

"అవునండి," అన్నారు ఖరే గారు.

"చాలా విశాలంగా, తెల్లగా, ఎవరూ లేకుండా. మీరు మంచుకొండల్ని సూచిస్తున్నారు. ఇది మా ఆంతరంగిక వ్యవహారంలో జోక్యం."

రెండు గంటలు చర్చలు సాగాయి. కాగితం లేత ఆకుపచ్చ రంగులో ఉండేలా ఒప్పందం కుదిరింది. ఆకుపచ్చలో పచ్చిక బయళ్ళేమైనా ధ్వనిస్తాయా అని రాయబారి కార్యదర్శి అనుమానపడ్డాడు గాని, అప్పటికి భోజనాల వేళయింది. మర్నాడు పత్రికల్లో "ఫలప్రదమైన సంభాషణ" అని వచ్చింది.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం సింహాద్రికి ఫోను వచ్చింది. వెనకాల విజయనగరం బస్సుల హారన్లు, ఎవరో టోపీ బేరమాడుతున్న గొంతు.

"రేపే గదన్నియ్యా కాయితం. ఆడి పేరు రాసినారా?"

సింహాద్రి ఏం చెప్పగలడు? రాశాం, పంతొమ్మిది శాఖలు కలిసి తుడిచేశాయని చెప్పాలా? ఆకుపచ్చ కాగితం సంగతి చెప్పాలా? "రేపు చూద్దామమ్మా," అన్నాడు. "సర్లే, నీ మీదే భారం," అని ఆవిడ పెట్టేసింది. పద్నాలుగేళ్ళుగా ప్రభుత్వం తరఫున ఆందోళన చెందినవాడికి మొదటిసారి సొంతంగా ఆందోళన కలిగింది. తన ఉద్యోగం మీద తనకే అసహ్యం పుట్టింది.

ఫైలు కట్టెయ్యబోతూ అట్ట వంక చూశాడు. తన చేతిరాతే, మూడు వరుసల నిండా. పంతొమ్మిది శాఖలు తిరిగినా దాని మీద ఒక్క గీత పడలేదు. అప్పలనరసయ్య సిద్ధాంతం తాలూకాఫీసుకే పరిమితం కాదన్నమాట. అందరూ అట్ట తిప్పేసి లోపలి కాగితం మీద పడ్డారు. ఫైలు ఎవరిదో తెలుసుకోవడానికి నంబరు చూశారు, అంతే.

సింహాద్రి నిబంధనల పుస్తకం తీశాడు. ముప్ఫై ఒకటో నిబంధన ప్రకారం కార్యాలయం నుంచి బయటికి వెళ్ళే ఏ కాగితమైనా సరే, పైన ఫైలు నంబరూ, ఫైలు మీద ఉన్నది ఉన్నట్టుగా విషయమూ ఉండాలి. ప్రతి ఏడూ ఉండేవి కూడా. ప్రతి ఏడూ ఆ విషయం "మానవ హక్కుల దినం" అని ముక్తసరిగా ఉండేది. నిరుడు ఆ పాత ఫైలు నిండిపోయింది, ఈ ఏడు ప్రకటన ఈ కొత్త ఫైలు మీదే పోవాలి.

ఖరే గారి గదికి వెళ్ళాడు. ఆయన రేపటి ప్రసంగం దిద్దుకుంటున్నారు.

"అయ్యా, ప్రకటన ముప్ఫై ఒకటో నిబంధన ప్రకారం పంపమంటారా?"

"నిబంధన ప్రకారం కాక మరెలా పంపుతారు?" ఖరే గారు తలెత్తలేదు. "ఒక్క అక్షరం చేర్చకూడదు, ఒక్క అక్షరం మార్చకూడదు. అర్థమైందా?"

"ఆ ముక్క రాసిస్తారా అండి?"

ఆయన విసుక్కుంటూ రాసిచ్చారు, సంతకం పెట్టి తేదీ కూడా వేశారు.

పదో తారీఖు పదకొండు గంటలకు లేత ఆకుపచ్చ కాగితాలు పత్రికలవాళ్ళ చేతికందాయి. మామూలు ఏడాదుల్లో కింద రెండు పేజీల నీళ్ళచారు ఉండేది కాబట్టి ఎవరూ చదివేవారు కాదు. ఈసారి పైన మూడు వరుసల విషయం, కింద ఏమీ లేకుండా సంతకం దాకా పచ్చగా ఖాళీ. ఉన్నది అంతే కాబట్టి అందరూ దాన్నే చదివారు. సమోసాలు మొదటిసారి మిగిలిపోయాయి. సాయంత్రానికి బడిపంతులు జమ్‌యాంగ్ పేరు, వయసు, కాలు, జైలు నంబరుతో సహా దేశదేశాల వార్తల్లో తిరిగింది. ఒక పెద్ద పత్రిక సంపాదకీయం రాస్తూ, ఆ ఖాళీ జాగా చదువుతుంటే కళ్ళు చెమర్చాయనీ, ఈ ప్రభుత్వానికి ఇంత కవిత్వం ఉందని తెలియదనీ మెచ్చుకుంది.

ఖరే గారు ఆందోళన విభాగానికి స్వయంగా దిగి వచ్చారు. "ఇది ఎనిమిదో మెట్టు," అన్నారు. "మనకు ఎనిమిదో మెట్టు లేదు, సింహాద్రి గారూ. కట్టలేదు."

విచారణ జరిగింది. విషయం మార్చకూడదన్న నిబంధన ఉంది. విషయం పెట్టాలన్న నిబంధన ఉంది. పంతొమ్మిది ముద్రలున్నాయి. ఒక్క అక్షరం మార్చకూడదని ఖరే గారి చేతిరాత ఉంది. అందరూ నిబంధనలు పాటించినందువల్లే ఈ అనర్థం జరిగిందని విచారణ సంఘం తేల్చింది. మళ్ళీ జరగకుండా, ఇకమీదట ఏ ఫైలు విషయమూ అయిదు మాటలకు మించరాదని, చివర వచ్చే "గురించి" లెక్కలోకి రాదని సర్క్యులరు ఇచ్చారు.

ఈలోగా సంబంధిత పక్షం నుంచి జవాబు వచ్చింది. అది ఎంత కోపంగా ఉందంటే, వాళ్ళ దగ్గర ఎవరూ అభిప్రాయ సేకరణ చేసినట్టు లేదు. "జమ్‌యాంగ్ అనే వ్యక్తి ఎవరూ లేరు. నాలుగో నంబరు జైలు అసలు లేనే లేదు. ఆ జైల్లో అతను మూడు పూటలా తింటూ నిక్షేపంగా ఉన్నాడు. అతనికి ఎడమ కాలు కుంటు అన్నది శత్రువుల దుష్ప్రచారం. అతను కుంటేది కుడి కాలు."

క్యాంటీనులో ఆ జవాబును ఒకరు పైకి చదువుతుంటే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సింహాద్రి కూడా నవ్వాడు. లేడన్నవాడి కాలు దిద్దిన జవాబు అతని సర్వీసులో ఇదే మొదటిది. కళ్ళు తుడుచుకుంటూ సీటు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"ఉన్నాడన్నియ్యా," అంది యాంగ్జోమ్. "టీ కొట్టాయన పేపరు సదివి సెప్పినాడు. ఉన్నాడు. ఆళ్ళే సెప్పీసినారు గదా. ఉన్నాడు."

"ఉన్నాడమ్మా. ఉన్నాడు." సింహాద్రికి ఇంకా నవ్వు పెదాల మీదే ఉంది. "ఎంత తెలివితక్కువ వాళ్ళో చూడు. ఏ కాలో కూడా చెప్పేశారు, అదీ తప్పు."

అవతల బస్సు ఒకటి హారను కొడుతూ పోయింది.

"తప్పు కాదన్నియ్యా," అంది మెల్లగా. "ఆణ్ణి అయిదేళ్ళు వీపున మోసినాను. ఎడం కాలే కుంటు. కుడికాలు బావుండీది."

సింహాద్రికి ఆ మాట అందడానికి ఒక క్షణం పట్టింది. అందాక, క్యాంటీనులో నవ్విన నవ్వుకు సిగ్గుతో తల వంగిపోయింది. ఏడు మెట్లలో ఏ మెట్టు మీదా ఆవిడకు చెప్పగలిగిన మాట లేదు.

"మళ్ళీ రాయన్నియ్యా," అంది ఆవిడ.

"రాస్తానమ్మా," అన్నాడు. చూస్తాననలేదు.

ఫోను పెట్టేసి కొత్త ఫైలు తెరిచాడు. బల్ల మీద అయిదు మాటల సర్క్యులరు ఇంకా తడి ముద్రతో ఉంది. దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు:

"విషయం: పంతులు జమ్‌యాంగ్ కుడి కాలికేమైంది, చెప్పండి – గురించి."

వేళ్ళు మడిచి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. వచ్చే డిసెంబరు పదికి తను ఇంకా ఈ కుర్చీలోనే ఉంటాడు. లోపల ముసాయిదా ఏమీ రాయలేదు. ఎలాగూ తీసేస్తారు కదా అని ఒక లేత ఆకుపచ్చ కాగితం పెట్టి, పంతొమ్మిది శాఖలకూ అభిప్రాయ సేకరణకు పంపించాడు.